ప్లగ్గు లేని చోట ల్యాప్‌టాప్

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి, చాలా పేటలు రోజుల తరబడి చీకట్లోనే ఉండిపోయాయి. జనరేటర్ తిరుగుతున్న చోటల్లా ఫోన్లు చేతపట్టుకుని జనం మూగారు. ఫోనుకైతే ఎవరిదో ఒక ఛార్జర్ దొరికేది. ల్యాప్‌టాప్‌కు ఆ దారీ లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో పిన్ను, ఇటుకంత అడాప్టర్, దానికి 230 వోల్టుల ప్లగ్గు ఉండి తీరాలి. ఆ తుపానుకు రెండు నెలల ముందే, ఆగస్టులో, యూఎస్‌బీ టైప్-సీ ప్రమాణం తొలి ప్రతి విడుదలైంది. దాని సంగతి అప్పట్లో ఇంజినీర్లకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పదేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా కరెంటు పోయింది. కానీ ఈలోగా కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఫోను పెట్టుకునే రంధ్రమే వచ్చేసింది. యూరోపియన్ యూనియన్ అయితే 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకు, ట్యాబ్లెట్లకు, 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు టైప్-సీ ఛార్జింగ్ ఉండాలని చట్టమే చేసింది. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023 మొదట్లో ఇదే కనెక్టరుకు భారత ప్రమాణం ప్రకటించింది. అంటే ల్యాప్‌టాప్ నడవడానికి గోడ ప్లగ్గు ఉండి తీరాలన్న రోజులు పోయాయి. కారు బ్యాటరీ, సోలార్ ప్యానెల్, పవర్ బ్యాంకు, ఏదైనా చాలు. మధ్యలో ఉండే మూడు నాలుగు వస్తువులు మాత్రం ఒకదానికొకటి పొసగాలి. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఇది తుపాను బాధితుల అవసరం మాత్రమే కాదు. పాడేరు, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ గ్రామాల్లో రోజుల తరబడి తిరిగే సర్వే ఉద్యోగులు, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో లెక్కలు రాసుకునేవాళ్ళు, నల్లమలలో కెమెరాలు పెట్టుకుని కూర్చునే పరిశోధకులు, ఊరి పొలంలో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు పని చేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, వీళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: ఏం కొనాలి?

చాలామంది ఈ ప్రశ్నను తలకిందులుగా అడుగుతారు. ముందు ఆన్‌లైన్‌లో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్న పవర్ బ్యాంకు కొంటారు, తర్వాత ఒక సోలార్ ప్యానెల్, ఆఖర్న ఇంట్లో ఏ డ్రాయరులోనో పడున్న వైరు తీస్తారు. అన్నీ కలిపి పెట్టాక ల్యాప్‌టాప్ ఛార్జ్ కాదు. నిజానికి కొనుగోలు ల్యాప్‌టాప్ దగ్గర మొదలై వెనక్కి నడవాలి. ముందు ల్యాప్‌టాప్, తర్వాత వైరు, ఆ తర్వాత ఛార్జర్, దాని వెనక బ్యాటరీ, అన్నిటికీ చివర సూర్యుడు.

ముందుగా కొలమానం సంగతి తేల్చుకోవాలి. పవర్ బ్యాంకు డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె లోపలి సెల్లుల 3.7 వోల్టుల దగ్గర లెక్క. ల్యాప్‌టాప్‌కు కావలసింది 20 వోల్టుల దగ్గర. రెంటినీ ఒకే తరాజులో పెట్టాలంటే వాట్ అవర్లలోకి మార్చాలి: 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ కూడా ఇదే జాతి, 1000 వాట్ అవర్లు ఒక యూనిట్. చాలా బ్యాంకుల వెనక, భూతద్దం పెట్టి చూడవలసినంత చిన్న అక్షరాల్లో, మరో అంకె ఉంటుంది: రేటెడ్ కెపాసిటీ 12,000 ఎంఏహెచ్, 5 వోల్టుల దగ్గర. పన్నెండు అయిదులు అరవై. అంటే 74లో బయటికి వచ్చేది 60. మిగతాది వోల్టేజీ మార్పిడిలో వేడిగా పోతుంది. కంపెనీ మోసం చేసిందని కాదు, నిజం చెప్పడానికి అది వాడిన అక్షరాల సైజు అంత.

ఇక ల్యాప్‌టాప్ ఎంత తింటుందో తెలియాలి. బ్యాటరీ సామర్థ్యం అడుగున ఉన్న స్టిక్కరు మీదో, కంపెనీ వివరాల్లోనో వాట్ అవర్లలోనే రాసి ఉంటుంది. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2లో అది 52.6, పెద్ద 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో దాదాపు 100. విండోస్ వాడేవాళ్ళు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, దాని పక్కన స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక నివేదిక తయారవుతుంది. కొన్నప్పుడు బ్యాటరీ సామర్థ్యం ఎంత, ఇప్పుడెంత మిగిలింది అన్నవి అందులో పక్కపక్కన కనిపిస్తాయి. నాలుగేళ్ళ పాత ల్యాప్‌టాప్ యజమానికి ఆ రెండో అంకె చూసి కాస్త దిగులేయడం మామూలే. ఖర్చు తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఇంకోటుంది. వైరుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య పెట్టే బొటనవేలంత టైప్-సీ మీటరు కొని, బ్యాటరీ పూర్తిగా నిండాక కూడా ఛార్జర్ తీయకుండా మామూలు పని చేసుకుంటూ పోతే, తెర మీద కనిపించే వాట్లే ఆ మనిషి అసలు వాడకం. రాత, ఎక్సెల్, మెయిళ్ళు అయితే 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లు సాధారణంగా 8 నుంచి 15 వాట్ల మధ్య తిరుగుతాయి. వీడియో కాల్ మొదలైతే పెరుగుతుంది, తెర వెలుగు పూర్తిగా పెంచితే ఇంకా పెరుగుతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి బరువు మీద ఉంటే వంద దాటుతుంది. దాన్ని అడవికి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు ఈ అధ్యాయం పెద్దగా సాయపడదు.

ఉపాధి హామీ పనుల సోషల్ ఆడిట్‌కు కరెంటు నిలకడ లేని కొండ ఊరికి రెండు రోజులు వెళ్ళే ఉద్యోగిని ఒకరు ఉన్నారనుకుందాం. ల్యాప్‌టాప్ బ్యాటరీ 55 వాట్ అవర్లు, వాడకం సగటున 12 వాట్లు, రోజుకు ఆరు గంటల పని. అది 72. హాట్‌స్పాట్‌గా వాడే ఫోనుకు మరో 13. రోజుకు 85, రెండు రోజులకు 170. బయలుదేరేటప్పుడు ల్యాప్‌టాప్ నిండుగా ఉంటుంది కనుక 55 తీసేస్తే బయటి నుంచి కావలసింది 115. పవర్ బ్యాంకు తనలో ఉన్నదానిలో ఐదింట నాలుగు వంతులే ఇస్తుంది కాబట్టి 144 మోసుకెళ్ళాలి. అంటే రెండు 20,000 బ్యాంకులు అంచుకు సరిపోతాయి, మిగులు ఉండదు. ఒక్క 27,000 బ్యాంకు తీసుకెళ్తే రెండో రోజు మధ్యాహ్నానికి ఆట ముగుస్తుంది. ఈ లెక్కకు పట్టేది అర కాగితం, పది నిమిషాలు. అది వేసుకున్నవాళ్ళు దుకాణంలో సేల్స్‌మన్ చెప్పేదానికి ఊగిపోరు.

ల్యాప్‌టాప్‌కు టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన దాని ద్వారా ఛార్జ్ అవుతుందన్న హామీ లేదు. కొన్ని బడ్జెట్ మోడళ్ళలో అది పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికే. రంధ్రం పక్కన చిన్న ప్లగ్గు బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉంటే ఛార్జింగ్ ఉన్నట్టు. మెరుపు బాణం గుర్తు థండర్‌బోల్ట్‌ది. ఏ గుర్తూ లేకపోతే మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ మాన్యువల్ చూడటమొక్కటే దారి. కొన్ని డెల్ మోడళ్ళ 130 వాట్ల ఛార్జర్ మరో రకం. చూడటానికి టైప్-సీనే గానీ ఆ 130 వాట్లు డెల్ సొంత ఏర్పాటు. వేరే కంపెనీ 140 వాట్ల ఛార్జర్ పెట్టినా ఆ ల్యాప్‌టాప్‌కు 130 అందవు. పాత గుండ్రటి పిన్ను ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు నిరాశ పడనక్కర్లేదు. ఒక చివర టైప్-సీ, మరో చివర గుండ్రటి పిన్ను ఉన్న వైర్లు దొరుకుతాయి. వాటిలోని చిన్న సర్క్యూట్ ఛార్జరును 20 వోల్టులు అడిగి తెస్తుంది. పాత డెల్ పిన్నుల మధ్యలో సన్నటి మూడో తీగ ఉంటుంది, అడాప్టర్ ఎవరిదో అది ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ సంకేతం అందకపోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు.

ఛార్జరూ ల్యాప్‌టాపూ మాట్లాడుకోవడం ఈ పద్ధతికి ప్రాణం. టైప్-సీ ఛార్జరుకు ఏదీ తగిలించనప్పుడు దాని రంధ్రంలో వోల్టేజీ సున్నా. వైరు గుచ్చగానే అవతల ఎవరో ఉన్నారని గుర్తించి 5 వోల్టులు ఇస్తుంది. ఆపైన తన దగ్గరున్న వోల్టేజీల జాబితా చదువుతుంది. ల్యాప్‌టాప్ అందులోంచి ఒకటి అడుగుతుంది, ఛార్జర్ ఒప్పుకుని ఆ స్థాయికి ఎక్కుతుంది. ఈ భాషకు పవర్ డెలివరీ అని పేరు, పొట్టిగా పీడీ. ఫోన్ కంపెనీల సొంత ఫాస్ట్ ఛార్జింగ్ భాషలు వేరు. కాబట్టి డబ్బా మీద 67 వాట్లు, 80 వాట్లు అని ఎంత పెద్దగా ఉన్నా, పీడీ లేకపోతే ల్యాప్‌టాప్‌కు అది పనికిరాదు.

అందుకే చేతిలోకి తీసుకుని చదవవలసింది ఛార్జర్ వెనక ఉన్న బూడిదరంగు అక్షరాలు. ఒక మంచి 65 వాట్ల ఛార్జర్ మీద ఇలా ఉంటుంది: అవుట్‌పుట్ 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 3 ఆంపియర్లు, 15 వోల్టులు 3 ఆంపియర్లు, 20 వోల్టులు 3.25 ఆంపియర్లు. ఇందులో ఆఖరి జత కోసమే వెతకాలి. ఇరవైని మూడుంపావుతో గుణిస్తే 65. చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులు లేకపోతే మొండికేస్తాయి. పీడీ నియమాల ప్రకారం 45 వాట్ల దాకా ఛార్జరుకు 15 వోల్టుల వరకే తప్పనిసరి, ఆ పైన ఉన్నవాటికే 20. కాబట్టి 20 వోల్టులు లేని 45 వాట్ల ఛార్జర్ నియమాలకు లోబడే ఉంటుంది, ఎవరి ల్యాప్‌టాప్‌కో పనికిరాకుండానూ ఉంటుంది. ఫోనుతో వచ్చే 18, 20 వాట్ల ఛార్జర్లకు 20 వోల్టులు ఉండవు. ల్యాప్‌టాప్‌కు అవి పెట్టి ‘కరెంటు వస్తోంది, ఎక్కడం లేదు’ అని వాపోయేవాళ్ళు చాలామంది.

రెండు మూడు రంధ్రాలున్న ఛార్జర్లలో మరో మెలిక ఉంటుంది. 65 అనేది ఒక్క రంధ్రమే వాడినప్పటి మాట. పక్కన ఫోను పెట్టగానే అది 45, 18గా చీలిపోవచ్చు. చీలే క్షణంలో ల్యాప్‌టాప్‌కు కరెంటు ఒకసారి తెగి మళ్ళీ వస్తుంది. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ దాన్ని పట్టించుకోదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి, ఛార్జర్ మీదే బతుకుతున్న ల్యాప్‌టాప్ మాత్రం టప్పున ఆగిపోతుంది, సేవ్ చేయని ఫైలు పోతుంది.

వంద వాట్లకు మించిన లోకం 2021లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన పీడీ 3.1తో 28, 36, 48 వోల్టుల మెట్లు చేరి, పరిమితి 240 వాట్లకు పెరిగింది. అదే ఏడాది ఆపిల్ 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో 140 వాట్ల ఛార్జర్ ఇచ్చింది. గోడ ప్లగ్గు ఉన్న చోట అది సౌకర్యం. ప్లగ్గు లేని చోట దాని వెంట పడటం అనవసరం. 12 వాట్లు తినే పనికి 65 వాట్ల ఛార్జర్ అంటే ఐదు రెట్లకు పైనే, ఆ మిగులంతా బ్యాటరీ నింపడానికి పోతుంది.

వైరు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. మామూలు టైప్-సీ వైరు 3 ఆంపియర్ల వరకే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే వైరు లోపల ఈ-మార్కర్ అనే చిప్ ఉండాలి. 5 ఆంపియర్లు తట్టుకుంటానని అదే ఛార్జరుకు చెబుతుంది. చిప్ లేని వైరు పెడితే 65 వాట్ల ఛార్జర్ 60 దగ్గరే ఆగుతుంది, 100 వాట్లది కూడా 60 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు దొరికే వాటిలో 240 వాట్లు అని రాసి ఉన్న వైరు ఒకటి తీసుకుంటే పదేళ్ళ దాకా మళ్ళీ ఆ సంగతి ఎత్తనక్కర్లేదు. పొడవు మీటరు, మహా అయితే రెండు మీటర్లు.

నాసిరకం వైరు ఏం చేయగలదో గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లెయుంగ్ అనుభవం చెబుతుంది. 2015 చివర్లో ఆయన అమెజాన్‌లో దొరికే టైప్-సీ వైర్లను ఒక్కొక్కటే కొని, పరీక్షించి, ఫలితాలు సమీక్షలుగా రాయడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో ఒక మూడు మీటర్ల వైరు తగిలించగానే ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్, దాంతో పాటు రెండు పరీక్ష పరికరాలు దెబ్బతిన్నాయి. విప్పి చూస్తే ఆ వైరులో పాజిటివ్, గ్రౌండ్ తీగలు తారుమారుగా అతికి ఉన్నాయి. కొద్ది వారాల్లోనే ప్రమాణాలకు లోబడని టైప్-సీ వైర్ల అమ్మకాన్ని అమెజాన్ నిషేధించింది. ఫుట్‌పాత్ మీద దొరికే వంద రూపాయల వైరు ఫోనుకు పనిచేయవచ్చు. అరవై వేల ల్యాప్‌టాప్‌కు దాన్ని పెట్టే ముందు ఈ కథ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇప్పుడు బ్యాటరీ వైపు. తెలుగు ఇళ్ళలో వరండా మూల 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ, దాని నెత్తిన ఇన్వర్టర్ కనబడటం కొత్త కాదు. ల్యాప్‌టాప్‌ను దాని మీద నడపడమంటే అందరికీ తెలిసిన పద్ధతి ఒక్కటే, ప్లగ్గులో అడాప్టర్ పెట్టడం. ఆ కరెంటు ఎలా తిరుగుతుందో చూస్తే నవ్వొస్తుంది. బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని ఇన్వర్టర్ 230 వోల్టుల ఏసీ చేస్తుంది. దాన్ని అడాప్టర్ మళ్ళీ 20 వోల్టుల డీసీ చేస్తుంది. పొలంలో టమాటా పక్క వీధికి చేరేలోగా ఇద్దరు దళారులు కమీషన్ తీసుకున్నట్టే ఇది కూడా. పైగా మొదటి దళారి సరుకు లేకపోయినా జీతం అడుగుతాడు. ఖాళీగా ఆన్‌లో ఉండటానికే పది వాట్లకు పైన తినే ఇన్వర్టర్లు ఉన్నాయి.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 150 ఆంపియర్ అవర్లు, 12 వోల్టులు, మొత్తం 1800 వాట్ అవర్లు. లెడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి తోడకూడదు, కాబట్టి 900. ల్యాప్‌టాప్ వాడకం 15 వాట్లు అనుకుంటే, ఇన్వర్టర్, అడాప్టర్ నష్టాలతో అది దాదాపు 20 అవుతుంది, ఇన్వర్టర్ సొంత తిండి 12 కలిపితే 32. ఇరవై ఎనిమిది గంటల్లో అయిపోతుంది. అదే బ్యాటరీకి 12 వోల్టుల నుంచి నేరుగా 20 వోల్టులు చేసే పీడీ కారు ఛార్జర్ తగిలిస్తే, పదో వంతు నష్టం పోయినా వాడకం 17 దగ్గరే ఉంటుంది. యాభై గంటలు దాటి నడుస్తుంది. కొత్త బ్యాటరీ కొనకుండానే బ్యాటరీ దాదాపు రెట్టింపయినట్టు.

ఈ కారు ఛార్జర్ అనే వస్తువు కనిపించేంత చిన్నది కాదు, దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. కొనేటప్పుడు చూడవలసినవి రెండు. ఒకటి, ఒకే రంధ్రం మీద 20 వోల్టులు ఇస్తుందా. ఫోన్ల కోసం చేసినవి 9 దగ్గరో 12 దగ్గరో ఆగిపోతాయి. రెండు, 12 నుంచి 24 వోల్టుల దాకా తీసుకుంటుందా. కారు 12 వోల్టులు, లారీ, బస్సు 24. 12కే చేసినదాన్ని లారీలో గుచ్చితే ఆఖరి వాసన ప్లాస్టిక్‌ది. కారులోని సిగరెట్ లైటర్ సాకెట్‌కు సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 65 వాట్ల ఛార్జర్ 12 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు లాగుతుంది, ఇబ్బంది లేదు. 100 వాట్లది తొమ్మిది దాటుతుంది, పది ఆంపియర్ల ఫ్యూజు అంచున నిలబడినట్టు. ఇంజన్ ఆపిన కారులో గంటలకొద్దీ ఛార్జింగ్ పెడితే పొద్దున సెల్ఫ్ తీసుకోదు, ఆ ఊళ్ళో తోసేవాళ్ళు దొరకాలి.

ఇంటి బ్యాటరీ నుంచి లైను వేయించుకునేవాళ్ళు ఎలక్ట్రీషియన్‌ను రెండు విషయాలు అడగాలి. ఫ్యూజు పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలో ఉండాలి. గది అవతలి చివర ఉంటే మధ్యలో వైరు తగిలి మంట పుట్టినప్పుడు అది ఏం చేయలేదు. ఇక వైరు మందం. పది ఆంపియర్లు మూడు మీటర్లు పోయి తిరిగి రావాలంటే, ఒక ఎస్క్యూ ఎంఎం వైరులో వోల్టు పైనే పోతుంది, రెండున్నర వైరులో అర వోల్టు లోపు. 230లో ఒక వోల్టు పోతే ఎవరికీ పట్టదు. 12లో పోతే ఛార్జర్ ‘బ్యాటరీ అయిపోయింది’ అనుకుని ఆగిపోతుంది.

ఇప్పుడు సోలార్. డబ్బా మీద 100 వాట్లు అని ఉన్న ప్యానెల్ ఎప్పుడు 100 ఇస్తుంది? ప్రయోగశాలలో, సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. రెంటచింతల, రామగుండం మే నెల ఎండలో సెల్లు 60, 65 డిగ్రీలు ఎక్కుతుంది, ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది, అక్కడే ఆరో వంతు దగ్గర పోయింది. దుమ్ము, వంగిన కోణం, వైరు నష్టం కలిపితే 65, 70 చేతికొస్తే సంతోషించాలి. ఎండ మండిపోతోంది కాబట్టి కరెంటూ మండిపోతుందనుకోవడం తప్పు, వేడి ప్యానెల్‌కు శత్రువు. మబ్బు పడితే పావు వంతుకు దిగిపోతుంది. ఒక్క కొమ్మ నీడ ఒక మూల పడినా, సెల్లులన్నీ వరసగా కలిపి ఉంటాయి కనుక, మొత్తం రాబడి బాగా పడిపోతుంది.

ప్యానెల్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. తగిలించి చూస్తే ఛార్జింగ్ దీపం వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. కారణం ఇందాక చెప్పిన సంభాషణే. ల్యాప్‌టాప్ 60 వాట్లు అడుగుతుంది, ప్యానెల్ దగ్గర ఆ క్షణంలో 45 ఉంటాయి, వోల్టేజీ కుప్పకూలుతుంది, ఛార్జర్ చచ్చి మళ్ళీ పుట్టి మళ్ళీ జాబితా చదవడం మొదలుపెడుతుంది. మధ్యలో బ్యాటరీ ఒకటి ఉండాలి. ప్యానెల్ బ్యాటరీని నింపాలి, బ్యాటరీ ల్యాప్‌టాప్‌ను నడపాలి. మూడు నాలుగు రోజుల ప్రయాణానికి పవర్ బ్యాంకే ఆ బ్యాటరీ. పొలం షెడ్డులో స్థిరంగా ఉండిపోయేవాళ్ళకు ప్యానెల్ కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్, దాని వెనక 12.8 వోల్టుల 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మంచి జోడీ. 256 వాట్ అవర్లు చేతిలో ఉంటాయి. మామూలు లిథియం బ్యాటరీకంటే బరువు ఎక్కువ, కానీ రెండు వేల సార్లకు పైగా నింపి తీయవచ్చు.

మడత ప్యానెల్ కొనేవాళ్ళు వెనక జేబులో ఏ రంధ్రాలున్నాయో చూడాలి. పాత తరహా యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే ఉంటే 5 వోల్టులు 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు. ప్యానెల్ ఎంత పెద్దదైనా ఆ రంధ్రం గుండా అంతే. 74 వాట్ అవర్ల బ్యాంకు నిండటానికి తొమ్మిది గంటల మంచి ఎండ, అంటే రెండు రోజులు. పీడీ టైప్-సీ ఉంటే అదే పని మూడు గంటల పని. ఇంటి కప్పు మీద వేసే పెద్ద ప్యానెల్ ఊరికే పడుంది కదా అని దాన్ని కారు ఛార్జరుకు తగిలించకూడదు. వాటి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే ఏదీ తగిలించనప్పటి వోల్టేజీ, 40 చుట్టుపక్కల, ఆ పైనా ఉంటుంది. 24 దాకా తట్టుకునే ఛార్జర్ ఆ దెబ్బకు నిలవదు.

పవర్ బ్యాంకు గురించి ఎక్కువమంది అడగని ప్రశ్న ఇంకొకటి: అది ఎంత వేగంగా ఇస్తుందో కాదు, ఎంత వేగంగా తీసుకుంటుంది? ఇచ్చేది 65 వాట్లు, తీసుకునేది 18 వాట్లు అయిన బ్యాంకులు ఉన్నాయి. సాయంత్రం రెండు గంటలే జనరేటర్ వేసే క్యాంపులో అలాంటిది సగం కూడా నిండదు. దారిలో హోటల్ దగ్గర భోజనానికి ఆగే గంటలో ఎంత ఎక్కించుకోగలదన్నది, ప్లగ్గు లేని చోటుకు వెళ్ళేవాళ్ళకు అవుట్‌పుట్ కంటే ముఖ్యం. 45 వాట్లు తీసుకునేది ఎంచుకుంటే రెండు గంటల్లో పని అవుతుంది.

నింపేటప్పుడు బ్యాంకు ప్యానెల్ నీడలో ఉండాలి, కారు డ్యాష్‌బోర్డు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ కాదు. మామూలు లిథియం సెల్లులను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. ఉబ్బిన బ్యాంకును ‘ఇంకా పనిచేస్తోంది కదా’ అని వాడటం ప్రాణాలతో చెలగాటం.

విమానం ఎక్కేవాళ్ళకు హద్దు 100 వాట్ అవర్లు. 27,000 ఎంఏహెచ్ బ్యాంకు 99.9 దగ్గర ఆగేది అందుకే. 100 నుంచి 160 దాకా విమానయాన సంస్థ అనుమతి కావాలి, ఆ పైన ప్రయాణికులకు లేదు. ఏదైనా చేతి సంచిలోనే, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. 2025 జనవరిలో దక్షిణ కొరియా బుసాన్‌లో ఎయిర్ బుసాన్ విమానం నేల మీదే తగలబడింది. పవర్ బ్యాంకే కారణమన్న అనుమానం వచ్చాక అక్కడి ప్రభుత్వం వాటిని తల పైన అరల్లో పెట్టడం ఆపించింది. డల్లాస్ నుంచి శంషాబాద్ వచ్చే అబ్బాయితో పవర్ స్టేషన్ అనే పెద్ద బ్యాటరీ పెట్టె తెప్పించుకోవాలనుకునే తల్లిదండ్రులు ఈ వాట్ అవర్ల హద్దు గుర్తుంచుకుంటే విమానాశ్రయంలో వాడికి తలనొప్పి తప్పుతుంది. ఛార్జరైతే తెప్పించుకోవచ్చు. 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంటే చాలు, పిన్ను మార్చుకుంటే ఇక్కడా పనిచేస్తుంది.

ఇక్కడే కొనేవాళ్ళు ఛార్జర్, పవర్ బ్యాంకుల మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో తేలిపోతుంది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో మరో పేరు వస్తే డబ్బా తిరిగి ఇచ్చేయడమే మంచిది.

డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలన్నది చివరి ప్రశ్న. ముందు 240 వాట్ల వైరు, టైప్-సీ మీటరు. తర్వాత 20 వోల్టులు ఇచ్చే 65 వాట్ల కారు ఛార్జర్, ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నవాళ్ళకు చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది. ఒకటి రెండు రోజులు బయట ఉండేవాళ్ళకు 20,000 బ్యాంకు ఒకటో రెండో. సోలార్ ప్యానెల్ మూడు రోజులకు మించి ప్లగ్గు కనిపించనివాళ్ళకే. ఉత్సాహం కొద్దీ ముందే కొన్న ప్యానెళ్ళు చాలా ఇళ్ళలో అటక మీద ఉన్నాయి.

అన్నీ చేతికొచ్చాక, వెంటనే సంచిలో సర్దేయకండి. ఒక ఆదివారం ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొత్త సామాను మీదే పని చేసి చూడండి. ఏ రంధ్రానికి ఏది పొసగడం లేదో ఆ రోజే బయటపడుతుంది. ఆ ఆదివారం మాత్రం బిల్లు మీద రాసిన వాపసు గడువు లోపు వచ్చేలా చూసుకోండి.